డాక్టరు కుగ్లరు దొరసానిగారి చరిత్రము

సేవ చేయువారు అలసిపోవుట సహజము. అయితే అలసటయే సేవకు గురుతని తలంచుట పొరపాటు. ఈ రెంటికిని గల భేదమును తన జీవితమందు అనుభవముచేత నేర్చి, నేర్చినదానిని గుంటూరు పట్టణమున ఒక ఆసుపత్రి రూపమున నిలిపిపోయిన స్త్రీ డాక్టరు అన్నా సారా కుగ్లరు. ఆమె చరిత్రమును మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, మిషను పనివారికిని తెలియజేయుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

ఈ వ్యాసము వ్రాయుటకు ఒక చిన్న సంగతి కారణమైనది. మా తరగతిలో ఒక బాలిక కొన్నాళ్లపాటు ఇంటిపని పుస్తకముపై తల్లి చేవ్రాలు లేకుండ వచ్చుచుండెను. కారణ మడుగగా, తన తల్లి నర్సు అనియు, రాత్రి డ్యూటీ ముగించుకొని ఆమె తుర్కయంజాలు చేరునప్పటికి తాను బడికి బయలుదేరుదుననియు, సాయంకాలము తాను ఇల్లు చేరిన కొంతసేపటికే ఆమె మరల బస్సెక్కుననియు చెప్పెను. చెప్పి, మంచి నర్సు కావలెనన్న ఎల్లప్పుడును అలసియుండవలెనా యని నన్నడిగెను. నేను వెంటనే ఉత్తర మియ్యలేకపోతిని. సాగరు రోడ్డు ప్రక్కన తెల్లవారకముందే నిలిచి, ఎల్.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరు ఆసుపత్రులకు పోవు స్త్రీలను అంతకుముందు అనేక పర్యాయములు చూచితిని గాని వారి దినము ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో ఆలోచించినవాడను కాను. ఆ బాలిక ప్రశ్నకు ఉత్తరము వెదకుచు కుగ్లరు దొరసానిగారి చరిత్రమును చదివితిని.

ఆమె 1856వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రమందలి ఆర్డ్‌మోరు అను ఊర జన్మించెను. తండ్రి పేరు ఛార్లెస్ కుగ్లరు, తల్లి పేరు హారియెట్. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అమెరికాలో సహితము అరుదుగానున్న కాలమది. స్త్రీలకొఱకే 1850లో ఫిలడెల్ఫియా నగరమున స్థాపింపబడిన వైద్య కళాశాలలో ఆమె చేరి 1879లో పట్టమును పొందెను. మహారాష్ట్ర దేశమునుండి వెళ్లిన ఆనందీబాయి జోషిగారు 1886లో పట్టము పొందినదియు ఈ కళాశాలయందే.

పిమ్మట నారిస్‌టౌను అను ఊర 1880లో తెరవబడిన మానసిక రోగుల ఆసుపత్రిలో, స్త్రీల విభాగమున, ఆమె సహాయ వైద్యురాలుగా రెండేండ్లు పనిచేసెను. ఆ విభాగమున కధికారిణిగా ఆలిస్ బెన్నెట్ అను స్త్రీ వైద్యురాలే యుండుట ఆనాటికి వింత. మనస్సు చితికిన స్త్రీలను దినదినము చూచుచు అక్కడ గడపిన అనుభవము ఆమెకు గుంటూరులో ఉపయోగపడి యుండుననుటకు సందేహము లేదు.

1882లో, గుంటూరు లూథరను మిషనులో పనిచేయుచుండిన రోవు దొరగారియొద్దనుండి ఆమెకు ఒక ఉత్తరము వచ్చెను. ఘోషా పాటించు ఇండ్లలోని స్త్రీలు పురుషులైన వైద్యులకు చేయి చూపింపరనియు, చిన్న రోగముతోనే ప్రాణములు విడుచుచున్నారనియు, స్త్రీ వైద్యురాలొకతె వచ్చుట ఎంతో అవసరమనియు ఆయన అభిప్రాయము. ఆమె మనస్సు తిరిగెను. తన సంఘమందలి స్త్రీల మిషనరీ సమాజమువారికి ఆమె మనవి చేసికొనెను. కాని ఆ సమాజమువారు వైద్యపు పనికి ఇంకను సిద్ధముగా లేకుండిరి. ఆమెను ఉపాధ్యాయురాలుగాను, ఘోషా స్త్రీలకు బోధించుదానినిగాను పంపుటకు మాత్రము ఒప్పుకొనిరి. ఆమె నిరాశపడక, ఆ షరతుకు లోబడి, మందులను పనిముట్లను వెంట గొని 1883లో ఓడ యెక్కెను.

ఆ సంవత్సరము నవంబరు మాసాంతమున ఆమె గుంటూరు చేరెను. అప్పటికి గుంటూరు ప్రత్యేకమైన జిల్లా కాలేదు, కృష్ణాజిల్లాలో చేరియుండెను. గుంటూరు జిల్లా ఏర్పడినది 1904లో. రైలు ఆ పట్టణమునకు ఇంకను రాలేదు. ఫాదరు హేయరుగారు 1842లో అచ్చట ప్రారంభించిన మిషనుకు అప్పటికి పాఠశాలలును సంఘములును ఉండెను గాని, స్త్రీలకు వైద్యాలయము లేదు.

ఆమె అచ్చట ఎదుర్కొన్న మొదటి కష్టము రోగములు కావు, కాలము. మిషనువారు నియమించిన పని యొకటి. కండ్లయెదుట నిలిచిన పని మఱియొకటి. తెలుగు నేర్చుకొనవలెను. హిందూ బాలికల పాఠశాలలను చూడవలెను. ఘోషా యిండ్లకు వెళ్లి స్త్రీలకు బోధింపవలెను. ఇవి గాక, వైద్యురాలు వచ్చినదన్న వార్త పాకగానే రోగులు రాజొచ్చిరి. మొదటి సంవత్సరముననే ఆమె తన యింటను, రోగుల యిండ్లలోను కలిపి నాలుగు వందలకు పైబడిన మందిని చూచెను. ఆమెకు ఆసుపత్రి లేదు, సహాయకురాలు లేదు. మందు కలుపుటయు ఆమెయే, కట్టు కట్టుటయు ఆమెయే, రాత్రి రోగి ప్రక్కన మేల్కొనుటయు ఆమెయే. ఆమెను అంటుకొనుట మైలయని తలంచిన ఇండ్లును ఉండెను. అట్టి యింట రోగిని పరీక్షించుటకు వైద్యము చాలదు; ఓర్పును, వ్యవధియు కావలెను. దినములో కొలతకు లొంగనిది ఈ భాగమే.

1885 డిసెంబరులో సమాజమువారు ఆమెను వైద్య మిషనరీగా నియమించిరి. వచ్చిన రెండేండ్లకు గాని ఆమె చేయుచున్న పనికి పేరు దొరకలేదు. విద్యార్థులారా, దీనిని గమనింపుడు. చేయు పని లెక్కలోనికి రానప్పుడు ఆ పనికి వలయు మనుష్యులును, స్థలమును, ద్రవ్యమును రావు. నేటి ఆసుపత్రులలో సహితము నర్సు చేయు పనిలో సగము లెక్కకు ఎక్కదు. సూది వేసిన సంగతి పుస్తకములో ఎక్కును. భయపడు రోగికి ధైర్యము చెప్పిన పది నిమిషములు ఎక్కవు. రోగి బంధువులకు సమాధానము చెప్పిన సమయము ఎక్కదు. లెక్కకు రాని పనియే అలసటకు మూలము.

1889లో ఆమె సెలవుపై అమెరికాకు పోయి 1891లో తిరిగి వచ్చెను. ఇది ఆమె చరిత్రములో మిక్కిలి ముఖ్యమైన భాగమని నా యభిప్రాయము. ఆమె వెళ్లునప్పుడు రోగులు లేకపోలేదు, అక్కర తీరలేదు. వెళ్లకుండుట భక్తియని కొందరు తలంపవచ్చును. కాని ఆమె వెళ్లెను. అచ్చట ఆసుపత్రి కొఱకు ద్రవ్యము సమకూర్చు పనియందు పాటుపడెను. గుంటూరులో ఒంటరిగా ఇంకను రెండేండ్లు పెనుగులాడిన యెడల ఇంకను కొన్ని వందలమందిని చూచియుండును. ఆసుపత్రి మాత్రము వచ్చియుండదు.

తిరిగివచ్చిన పిమ్మట పని వేఱు రూపము దాల్చెను. గుంటూరులో స్థలము సంపాదింపబడెను. 1893లో అచ్చట ఔషధాలయము తెరవబడెను. రోగులు వైద్యురాలిని వెదకుటకు మారుగా ఒక స్థలమునకును, ఒక వేళకును వచ్చుట అలవాటైనది. ఈ యొక్క మార్పుచేతనే దినమునకు ఒక హద్దు ఏర్పడినది. 1894లో కాథరీను ఫాస్ అను శిక్షణ పొందిన నర్సు అమెరికానుండి వచ్చి ఆమెకు తోడయ్యెను. 1895లో డాక్టరు మేరీ బేరు అను మఱియొక వైద్యురాలు వచ్చెను. ఆ శతాబ్ది ముగియకముందే స్త్రీలకును బిడ్డలకును ఆసుపత్రి తెరవబడెను.

శిక్షణ పొందిన నర్సు వచ్చుట యనగా ఏమో మనము చక్కగా తెలిసికొనవలెను. వైద్యురాలు రోగిని చూచునది కొన్ని నిమిషములు. తక్కిన ఇరువదినాలుగు గంటలును రోగి నర్సు చేతిలోనుండును. జ్వరము హెచ్చినదో తగ్గినదో, ప్రసవమైన తల్లికి రక్తస్రావము ఆగినదో లేదో, పసిబిడ్డ పాలు త్రాగుచున్నదో లేదో మొదట కనిపెట్టునది నర్సు. నర్సు లేని ఆసుపత్రిలో వైద్యురాలే రాత్రింబగళ్లు కావలి కాయవలెను; మరునాడు నిద్రలేని కండ్లతో శస్త్రము పట్టవలెను. ఫాసుగారు వచ్చుటచేత ఈ దుస్థితి తొలగు మార్గము ఏర్పడెను.

అయితే ఒక అమెరికా నర్సు వచ్చినంతమాత్రమున చాలదు. మన దేశపు బాలికలే నర్సులు కావలెను. అందులకు పెద్ద అడ్డు ఉండెను. ఇతరుల శరీరమును తాకుట, మలమూత్రముల నెత్తుట, పరాయి యింట రాత్రులు గడపుట గౌరవముగల కుటుంబములకు తగదని జనులు తలంచుచుండిరి. కావున మొదట ముందుకు వచ్చినవారు అనేకులు మిషను పాఠశాలలలో చదువుకొనిన క్రైస్తవ బాలికలు. వారిలో లోకము తక్కువగా చూచిన కుటుంబములవారును ఉండిరి. ఏ చేతిని అంటరానిదని లోకము త్రోసివేసెనో ఆ చేతిలోనే అధిక కులముల తల్లులును తమ నవజాత శిశువుల నుంచిరి. నర్సు వృత్తికి మన దేశమున కలిగిన గౌరవమునకు పునాది వేసినవారు వీరు. వారి పేర్లు చాలవరకు పుస్తకములలో లేవు.

నర్సుపనికి క్రమమైన శిక్షణను లోకమునకు నేర్పినది ఫ్లారెన్సు నైటింగేలు. ఆమె 1854 నవంబరులో 38 మంది స్త్రీలతో టర్కీ దేశమందలి స్కూటారి సైనిక ఆసుపత్రికి పోయిన సంగతియు, రాత్రివేళ దీపము చేబూని రోగులను చూచిన సంగతియు మన పిల్లలందరికిని తెలియును. ఆమె 1860లో లండను సెయింటు థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయము స్థాపించెను. అంతకుముందు ప్రకటించిన నర్సుపని గ్రంథములో చిన్నవిషయముల నిర్వాహమును గూర్చి ఒక అధ్యాయమే వ్రాసెను. దాని సారమేమనగా: నీవు ఉన్నప్పుడు చక్కగా జరుగు పని నీవు లేనప్పుడును జరుగునట్లు ఏర్పాటు చేయలేనియెడల నీ శ్రమ రోగిని కాపాడదు, అంతయు నీ చేతనే చేయుట నిర్వాహము కాదు, అంతయు జరుగునట్లు చూచుటయే నిర్వాహము. ఇంత తెలిసిన ఆమెయే యుద్ధానంతరము మితిమీరిన పనిచేతను రోగముచేతను 1857లో కూలిపోయి, అటుపిమ్మట బహు సంవత్సరములు గదిని విడువలేని రోగియై, మంచముననుండియే పనిచేసెను. బోధించుట సులభము, పాటించుట కష్టము అనుటకు ఇదియే తార్కాణము.

బైబిలు చదివిన మన పిల్లలకు ఈ సంగతి క్రొత్తది కాదు. మోషే ఒక్కడే ఉదయము మొదలు సాయంకాలమువరకు ప్రజలకు న్యాయము తీర్చుచుండగా, మామయైన యిత్రో చూచి, ఇది మంచిది కాదనియు, అతడును ప్రజలును కూడ నలిగిపోవుదురనియు హెచ్చరించి, పనిని పంచుటకు సమర్థులను ఏర్పరచుమని ఆలోచన చెప్పెను. మోషే ఆ మాట వినెను. ప్రవక్తకు సహితము ఇతరుల సహాయము అక్కరయైనపుడు, ముప్పది మంది రోగుల నడుమ ఒంటరిగా నిలిచిన నర్సుకు అక్కర లేదా?

గుంటూరు ఆసుపత్రి కీర్తి క్రమముగా వ్యాపించెను. ఏలూరు జమీందారులైన రాజా భుజంగరావుగారు తమ కుటుంబమునకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞులై, ఆసుపత్రికి వచ్చు హిందూ రోగుల బంధువుల కొఱకు ఒక సత్రమును కట్టించిరి. దూర గ్రామములనుండి బండ్లమీద వచ్చు రోగితో కుటుంబమంతయు వచ్చును. తమ ఆచారము చొప్పున వంట చేసికొనవలెను. నిలువ నీడ కావలెను. వారందరును రోగి మంచము చుట్టు చేరినయెడల నర్సు పని సాగదు. సత్రము ఆ బంధువులకు ఆశ్రయ మిచ్చెను. వార్డునందు పనిచేయువారికి అవకాశ మిచ్చెను. దానము చేయువారు మంచములను యంత్రములను మాత్రమే గాక ఇట్టి సంగతులను కూడ తలంచుట మంచిది.

ప్రభుత్వమువారు ఆమెకు 1905లో కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చి, 1917లో మరల గౌరవించిరి. చీరాలలోను, రెంటచింతలలోను మిషను ఆసుపత్రులు ఏర్పడెను. గుంటూరులో ఒంటరిగా మొదలైన పని శాఖలుగా విస్తరించుట దీనివలన తేటపడుచున్నది. 1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘము ఏర్పడెను. 1928లో ఆమె గుంటూరు మిషను ఆసుపత్రి చరిత్రమును గ్రంథముగా ప్రకటించెను. వయస్సు మీరి, ఆరోగ్యము చెడినను ఆమె తాను పనిచేసిన పట్టణమును విడిచిపెట్టలేదు. 1930వ సంవత్సరము జూలై 26వ తేదీన గుంటూరులోనే ఆమె ప్రభువునందు నిద్రించెను. నలువది ఆరేండ్లకు పైగా సాగిన సేవ అట్లు ముగిసెను. మరునాడు ఉదయమున వార్డులలో రోగులకు మందులు ఇయ్యవలసినవారు ఉండిరి. పసిబిడ్డలను ఎత్తుకొనవలసిన చేతులు ఉండెను. ఆమె విజయము ఇదియే. ఆసుపత్రికి తరువాత ఆమె పేరే పెట్టబడెను.

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు వత్తము. మితిమీరిన పనివలన కలుగు నిస్సత్తువను 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు తమ రోగముల పట్టికలో పనిని బట్టి కలుగు స్థితిగా వివరించిరి. దానికి మూడు గురుతులు: శక్తి యుడిగిపోవుట, చేయు పనియందు మనస్సు విరిగిపోవుట, తాను దేనికిని కొరగాననిపించుట. ఇది సోమరితనమును కాదు, విశ్వాసలోపమును కాదు. రాత్రి డ్యూటీ చేయువారి శరీరము పగలు నిద్రించుటకు సులభముగా ఒప్పుకొనదు. అలసిన కన్ను మందు సీసాపై పేరును తప్పు చదువును. కావున నర్సుయొక్క విశ్రాంతి నర్సుకొఱకే గాదు, రోగికొఱకును.

నర్సులు తమంతట తాము చేయదగినవి కొన్ని గలవు. డ్యూటీ ప్రారంభమున రోగులందరిని ఒకసారి చూచి, ఎవరిది ఆలస్యము కారాని పనియో, ఎవరిది కొంత ఆగదగినదో ఏర్పరచుకొనుట. మందు లిచ్చునప్పుడు నడుమ మాటలు పెట్టుకొనకుండుట. జరిగినదానిని అప్పటికప్పుడే వ్రాసివేయుట. తరువాత వచ్చు నర్సుకు తొందరపడక రోగి సంగతి అప్పగించుట. తోటివారిని సహాయ మడుగుటకు సిగ్గుపడకుండుట. ఇవి మేలైన అలవాట్లు. కాని ఇద్దరు చేయవలసిన పని ఒకరికి పెట్టి, కాలమును సరిగా వాడుకొనలేదని ఆమెను గద్దించుట న్యాయము కాదు. గడియారమును ఎంత చక్కగా చూచినను గంటకు అరువది నిమిషములే. కుగ్లరు దొరసానిగారు తన కాలమును సరిచేసికొన్నది వేగముగా నడచుటచేత గాదు. పనిని లెక్కలోనికి తెచ్చి, స్థలమును వేళను ఏర్పరచి, విశ్రాంతి తీసికొని, సహాయకులను సిద్ధపరచుటచేత. ఈ నాలుగును ఆసుపత్రులను నడుపువారి విధులు.

మిషను పనివారమైన మనకును ఇందులో ఒక మందలింపు గలదు. త్యాగమును గూర్చి ప్రసంగించుట మనకు వాడుక. త్యాగము చేయువాడు తనంతట చేయవలెను. ఇతరులనుండి జీతముతోబాటు దానిని పిండుకొనుట త్యాగము కాదు. తలిదండ్రులకు ఒక మనవి. కుమార్తె నర్సు కావలెనని కోరినయెడల అడ్డుపడకుడు. అది గౌరవమైన వృత్తి. అయితే ఆమె పనిచేయు చోట ఒక్కొక్క నర్సుకు రోగులెందరో, వారమునకు సెలవెన్నడో విచారింపుడు. ఇంటిలో తల్లి నర్సు అయినయెడల, పగటివేళ ఆమె నిద్రించు గది తలుపు మెల్లగా వేయుటయు, నీళ్లు పట్టుటయు, అన్నము వండుటయు భర్తయు పిల్లలును పంచుకొనదగిన పనులు.

మంచి నర్సు ఎల్లప్పుడును అలసియుండనక్కర లేదని ఆ బాలికకు చెప్పితిని. చేవ్రాలు కొఱకు ఇక తల్లిని నిద్రనుండి లేపవద్దనియు, సెలవు దినమున ఒకేసారి చేయించుకొని రావచ్చుననియు కూడ చెప్పితిని. కుగ్లరు దొరసానిగారి చరిత్రము చదివిన పిమ్మట ఒక ఉపాధ్యాయుడు తన చేతిలోనున్నంతవరకు చేయగలిగిన ఏర్పాటు అది.